ఆంగ్లంలో ‘బాండికూట్’ : ఒక తెలుగు పదం, దాని అర్థపరిణామం

తెలుగులో చేరిన ఆంగ్ల పదాలను గురించి విస్తారంగా చర్చ జరిగింది. ఎదురు దిశలో సాగిన ప్రయాణాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఆ దిశలో వెళ్ళిన కొద్దిపాటి మాటలలో ‘బాండికూట్’ ఒకటి. యూల్, బర్నెల్ 1886లో ప్రకటించిన ‘హాబ్సన్-జాబ్సన్’ దీనికి మూలం తెలుగు ‘పందికొక్కు’ అని పేర్కొన్నది. తరువాతి ఆంగ్ల నిఘంటువులు కూడా ఈ వ్యుత్పత్తినే స్వీకరించాయి.

కొక్కు అనగా పెద్ద ఎలుక. పంది వంటి కొక్కు పందికొక్కు. బిరుసు వెంట్రుకలు, బలిసిన దేహం, రేగినప్పుడు చేసే గురగుర ధ్వని ఈ పోలికకు ఆధారాలు. ఆంగ్లంలో పదాదిని వచ్చే పకారం కొంత ఊపిరితో కూడి మహాప్రాణం వలె పలుకుతుంది. తెలుగు పకారంలో ఆ ఊపిరి లేదు. కనుక ఆంగ్లేయుల చెవికి అది బకారంగా తోచడం సహజమే. పదాంతంలోని ‘క్కు’ టకారంగా మారడానికి మాత్రం ఇటువంటి ధ్వని సూత్రం చూపలేము. ఆంగ్లంలో ‘కూట్’ అనే నీటిపక్షి పేరు ముందే ఉన్నది. దాని ప్రభావం అనుకోవడం ఊహకు మించినది కాదు.

అసలు చిక్కు అర్థంలో ఉన్నది. 18వ శతాబ్దం ముగిసేనాటికే ఆస్ట్రేలియా చేరిన ఆంగ్లేయులు అక్కడి పొడుగు ముట్టె గల చిన్న జంతువులకు ఈ పేరే పెట్టారు. అవి కంగారూల వలె పిల్లలను సంచిలో పెంచుకొనేవి. ఎలుక జాతితో వాటికి బంధుత్వం లేదు. శాస్త్రలోకంలో మన పదం మన జంతువునే అంటిపెట్టుకొన్నది: గ్రే 1873లో ఏర్పరచిన ‘బాండికోటా’ ప్రజాతి పందికొక్కులదే. వ్యవహారంలో ఆ పేరు ఆస్ట్రేలియా జంతువులదైంది. వాటిలో ఒక జాతి కాళ్ళు పంది గిట్టలను పోలి ఉండడంతో దానిని ‘పందికాళ్ళ బాండికూట్’ అన్నారు. పేరులో పంది రెండుసార్లు చేరిన సంగతి పెట్టినవారు ఎరుగరు కాబోలు! ఆ జాతి నేడు అంతరించినది.

ప్రయోగంలోనూ దారులు వేరయ్యాయి. తెలుగులో ‘పందికొక్కుల్లా మెక్కడం’ పరుల సొమ్మును, ప్రజాధనాన్ని కాజేసేవారిపై నింద. ఆస్ట్రేలియా ఆంగ్లంలో బాండికూట్ దైన్యానికి ఉపమానం. అక్కడ అది క్రియగా కూడా మారింది: పైమొక్క కదలకుండా అడుగున ఉన్న బంగాళాదుంపలను తవ్వి దొంగిలించడం దాని అర్థం. దొంగతనపు ఛాయ రెండు చోట్లా కనిపించినా, ఆస్ట్రేలియా క్రియకు ఆధారం ఆ జంతువు నేలను తవ్వే అలవాటే గాని తెలుగు నానుడి కాదు.

అనువాదకులు ఇక్కడే పొరపడే అవకాశం ఉన్నది. ఆస్ట్రేలియా జంతువును తెలుగులో ‘పందికొక్కు’ అంటే వ్యుత్పత్తి రీత్యా ఒప్పే. జంతుశాస్త్రం రీత్యా తప్పు. పాఠకునికి గుర్తొచ్చేది ధాన్యపు గాదె. ‘సంచి కొక్కు’ అన్నా ఎలుక అనే భ్రమ పోదు. తిరిగివచ్చిన ‘బాండికూట్’ను ఆదాన పదంగా ఉంచి, ఆంగ్ల-తెలుగు నిఘంటువులలో రెండు అర్థాలనూ వేర్వేరు సంఖ్యలతో చూపడమే ఉచితం.