మాగ్నెట్ అను బాలుర వారపత్రిక



నా చిన్ననాట భూగోళపు పుస్తకము నడుమ కథల పుస్తకమును దాచుకొని చదువుచుండగా మా తండ్రిగారు పట్టుకొనిరి. కొట్టలేదు, తిట్టలేదు. దానిని తీసికొనిపోయి, ఆ రాత్రి దీపము ముందు కూర్చుండి తామే కడవరకు చదివిరి. మరునాడు ఉదయమున "ఇందులో ఏమున్నదిరా?" అని నన్నడిగిరి. నాకు సమాధానము తోచలేదు.

పిల్లలు చాటుగా చదువు కథలలో ఏమున్నదను ఈ ప్రశ్న మన యిండ్లలోనే పుట్టినది కాదు. ఇంగ్లండు దేశమునందు ఒక వారపత్రికను గూర్చి పెద్దలు ఇదే ప్రశ్న వేసిరి. దానికి ఆ కథలు వ్రాసినవాడే బదులు చెప్పెను. ఆ పత్రిక పేరు "మాగ్నెట్", అనగా అయస్కాంతము. 1908 ఫిబ్రవరి 15వ తేదీన మొదటి సంచిక వెలువడెను. వెల అర పెన్నీ మాత్రమే.

అంత చవుకగా అమ్ముటకు కారణము కలదు. ఆ దేశమున 1870లో చేసిన విద్యాచట్టము వలన ఊరూర బడులు వెలసినవి. 1880 నుండి పిల్లలను బడికి పంపుట నిర్బంధమైనది. కూలివాని కొడుకునకు సైతము అక్షరములు వచ్చెను. అక్షరములు వచ్చిన బాలునకు చదువుటకేదైన కావలెను గదా! హత్యల కథలు, దొంగల కథలు పెన్నీకొకటి చొప్పున అమ్మువారు అప్పటికే యుండిరి. 1890 తరువాత ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ అను పత్రికాధిపతి, ఆ చెడ్డ కథలను తరిమివేసెదనని చెప్పుచు, అర పెన్నీ పత్రికలను ప్రారంభించెను. ధర్మము ఎంతయో లాభము ఎంతయో ఆయనకే యెరుక. ఆయన స్థాపించిన అమాల్గమేటెడ్ ప్రెస్ అను సంస్థయే 1907లో "జెమ్" అను పత్రికను, మరుసటి యేట "మాగ్నెట్"ను ప్రకటించినది.

మాగ్నెట్ కథలు ఎక్కువగా గ్రేఫ్రయర్స్ అను ఒక కల్పిత పాఠశాలలో జరుగును. దానిని ఆంగ్లేయులు పబ్లిక్ స్కూలందురు. పేరు చూచి మోసపోరాదు. ఆ దేశమున పబ్లిక్ స్కూలనగా అందరి బడి కాదు, గొప్ప జీతము కట్టగల కలవారి పిల్లలు అక్కడనే యుండి చదువు బడి. ఈ పత్రికను కొన్న బాలురలో అనేకులు అట్టి బడి గడప త్రొక్కినవారు కారు. తమకు ప్రవేశము లేని యింటిలోనికి కిటికీనుండి తొంగిచూచినట్లు వారము వారము చదివిరి.

ఆ కథలలో హారీ వార్టన్, బాబ్ చెర్రీ మొదలగు అయిదుగురు స్నేహితులు కలరు. క్వెల్చ్ అను కఠినుడైన ఉపాధ్యాయుడు కలడు. అందరికంటె ప్రసిద్ధుడు బిల్లీ బంటర్. లావుపాటి దేహము, గుండ్రని కండ్లద్దములు, పరుల తినుబండారములపై చూపు, నోరు తెరచిన అబద్ధము. ఇంటినుండి పోస్టలార్డరు రానున్నదని చెప్పి అందరియొద్ద అప్పులు చేయును. ఆ డబ్బు మాత్రము రాదు. మన మార్కండేయునకు ఎన్నటికిని పదునారేండ్లే యైనట్లు, ఈ పిల్లలు ముప్పదిరెండేండ్లు ఒకే తరగతిలో ఉండిరి. నడుమ ఒక మహాయుద్ధము వచ్చి పోయినది. వారిలో ఒక్కనికైనను మీసము మొలవలేదు.

ఇవి వ్రాసినవాడు ఫ్రాంక్ రిచర్డ్స్ అని పత్రికలో అచ్చయ్యెడిది. అట్టి పేరుగల మనుష్యుడు లేడు. వ్రాసినవాడు 1876లో జన్మించిన చార్లెస్ హామిల్టన్. ఆయనయే మార్టిన్ క్లిఫర్డ్ అను పేరున "జెమ్"లో మరియొక బడి కథలు, ఓవెన్ కాంక్వెస్ట్ అను పేరున వేరొక పత్రికలో మూడవ బడి కథలు వ్రాసెను. ఒక్కొక్క కథ పదునైదు ఇరువది వేల మాటలు. వారము గడచునప్పటికి మరియొకటి సిద్ధము కావలెను. ఇది శవమును భుజమున వేసికొని మరల మరల నడచిన విక్రమార్కుని పని వంటిది.

ఇందు నాకు వింతగా తోచినది వేరొకటి. ఆ మారుపేరు ఆయన సొత్తుగా నిలువలేదు. కథ సకాలమున అందనప్పుడు పత్రికవారు ఇతరులచేత వ్రాయించి, అదే పేరు క్రింద ప్రకటించెడివారు. మొత్తము 1,683 సంచికలు వెలువడగా, అందు సుమారు 1,380 సంచికల కథలు మాత్రమే హామిల్టన్ వ్రాసినవి. తన పేరుతో ఇతరుల రాత వెలువడుట చూచి ఆయన మిక్కిలి నొచ్చుకొనెను. పొలము దున్నినవాడొకడు, పట్టా వేరొకనిది యైన వ్యవహారములు మీరెరుగనివి కావు.

ఇక మన దేశమునకు సంబంధించిన మాట. ఆ అయిదుగురు స్నేహితులలో ఒకడు భారతీయుడు. హరీ జంసెట్ రాంసింగ్ అని పేరు; భానీపురమునకు నవాబట. నవాబునకు రాంసింగ్ అను పేరేమి, నడుమ ఆ పారశీకుల పేరేమి అని మీరడుగుదురు. నేనును అడిగితిని. భానీపురము మన దేశపటమున లేదు. ఆ బాలుడు మాటలకు పొడుగైన తోకలు తగిలించి చిత్రమైన ఇంగ్లీషు మాటలాడును, చదువరులు నవ్వుదురు. ఒక మిత్రుని యింట ఆ సంపుటము చదివినప్పుడు నాకును మొదట నవ్వు వచ్చినది, పిమ్మట కొంచెము కష్టమైనది. అయినను ఒకటి ఒప్పుకొనవలెను. 1908లో, దొరలు మనవారిని రైలుపెట్టెలలో తమ సరసను కూర్చుండనీయని దినములలో, ఆ బాలుడు ఆంగ్లేయ బాలురతో ఒకే బల్లయొద్ద భుజించెను, క్రికెట్టులో వారి జట్టునకు బంతి వేసెను, వారికి ప్రాణస్నేహితుడై యుండెను. పిల్లల మనస్సులనుండి వర్ణద్వేషమును తొలగించుటకే అట్లు వ్రాసితినని హామిల్టన్ తరువాత చెప్పుకొనెను. ఎగతాళియు, ఆదరమును ఒకే పుటలో నున్నవి. ఒకదానిని చూపి రెండవదానిని దాచుట న్యాయము కాదు.

1940 మార్చిలో జార్జి ఆర్వెల్ అను రచయిత "హొరైజన్" అను పత్రికలో ఈ బాలపత్రికలను విమర్శించెను. ఆయన మన దేశమున మోతీహారిలో 1903లో పుట్టినవాడే. ఈ కథలలో సమ్మెలు లేవు, నిరుద్యోగము లేదు, కాలము 1910లోనే ఆగిపోయినది, పరదేశులు నవ్వులకే పనికివత్తురు, కలవారిని చూచి మురియుట పేదపిల్లలకు అలవాటగుచున్నది అని ఆయన వాదము. ఇన్ని యేండ్ల కథలు ఒక్కడు వ్రాసియుండజాలడనియు, ఎవరైనను అనుకరింపగల మూసయే అది యనియు తలచెను. ఆ పత్రికయందే మే నెలలో ఫ్రాంక్ రిచర్డ్స్ బదులు వ్రాసెను. నేనొక్కడనున్నాననెను. పరదేశులు నవ్వు పుట్టింతురనుటను మాత్రము కాదనలేదు. పిల్లవానికి ముందుముందు కష్టములు రానే వచ్చును, వానికిప్పుడు కొంత సంతోషమిచ్చిన దానితోనే వాడు వానిని తాళుకొనునని వాదించెను.

ఆర్వెల్ చెప్పినది చాలవరకు నిజమే యని నా అభిప్రాయము. కాని కూలిపని ముగించుకొని వచ్చిన పిల్లవాని చేతిలో అర పెన్నీ కాగితము పెట్టి, వానిచేత ఇరువది వేల మాటలు ఇష్టముతో చదివించుట సామాన్యము కాదు. ఆ పని హామిల్టన్ చేసెను, ఆయన విమర్శకులు చేయలేదు.

ఆ బదులు అచ్చయిన నెలయందే మాగ్నెట్ నిలిచిపోయెను. యుద్ధము వలన కాగితము కరవైనది. "జెమ్" 1939 డిసెంబరులోనే ఆగినది. అంతకుముందే డండీ పట్టణమునుండి వచ్చు క్రొత్త సాహసకథల పత్రికలు చదువరులను లాగికొనుచుండెను. 1940 మే 18వ తేదీ సంచికలో మొదలైన క్రొత్త కథావరుస మొదటి భాగముతోనే తెగిపోయెను. హామిల్టన్‌నకు అప్పటికి అరువదిమూడేండ్లు. బ్రతుకుతెరువు పోయినది, తాను సృష్టించిన బడిని గూర్చి మరల వ్రాయుటకు అనుమతి కావలసివచ్చెను. యుద్ధము ముగిసిన తరువాత, 1947లో, బంటర్ కథ మొదటిసారి అట్టబైండు పుస్తకముగా వెలువడెను. 1952 నుండి బీబీసీవారు దానిని టెలివిజన్‌లో చూపిరి. 1961 డిసెంబరు 24వ తేదీన ఆయన మరణించెను. 1969 నుండి పాత సంచికలను ఉన్నవి ఉన్నట్లుగా మరల అచ్చువేసిరి.

మా మిత్రునియొద్ద నేను చూచినది అట్టి సంపుటమే. నేను చదువుచుండగా అతని మనుమడు వచ్చి, బంటర్ బొమ్మను చూచి నవ్వి, కథ చెప్పుమనెను. చెప్పితిని. వాడు కొంతసేపు ఊరకుండి, "తాతగారూ, వాడికి ఆ డబ్బు వచ్చిందా?" అని అడిగెను. ఎప్పుడో ఒకమారు తప్ప రాలేదని చెప్పితిని.