తెరపై ద్విచక్ర వాహన సంతులనం: ఒక భౌతికశాస్త్ర పరిశీలన

మోటారు సైకిలును గుట్టలు, గుంతల మీదుగా పడిపోకుండా నడిపించే వీడియో ఆటలకు పాతికేళ్ళకు మించిన చరిత్ర ఉంది. హంగరీకి చెందిన బలాజ్ రోజా రూపొందించిన ‘ఎలాస్టో మేనియా’ 2000లో వెలువడింది. 2004 నాటి ‘గ్రావిటీ డిఫైడ్’ జావా ఆటగా బటన్ ఫోన్లలోకి చేరింది. వీటిలో ఆటగాడి అసలు ప్రత్యర్థి గురుత్వాకర్షణే. వేగం పెంచడం, బ్రేకు వేయడం, ముందుకో వెనక్కో ఒరగడం తప్ప అతడి చేతిలో ఉన్న సాధనాలు దాదాపు శూన్యం.

శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండలోని కోటకొండ వంటి రాతివాలును ఊహించుకుంటే ఆటలోని కిటుకు తేటపడుతుంది. బండికి, చోదకునికి కలిపి ఒక గరిమనాభి ఉంటుంది. వెనుక చక్రం నేలను తాకే బిందువు నుంచి అది ఎంత ముందుకు ఉందో అంతే ఎత్తులోనూ ఉందనుకుందాం. అప్పుడు నిలిచి ఉన్న బండి 45 డిగ్రీల వాలు దాటితే వెనక్కు తిరగబడుతుంది. వేగం పుంజుకుంటున్న బండికి ఆపాటి వెసులుబాటు కూడా ఉండదు. 30 డిగ్రీల వాలు మీదనే, వేగం ప్రతి సెకనుకు సెకనుకు 3.6 మీటర్ల చొప్పున పెరిగితే చాలు, ముందు చక్రం లేస్తుంది. కొత్త ఆటగాడు ఎత్తు ఎక్కలేకపోవడానికి తరచు కారణం ఇంజను బలం చాలకపోవడం కాదు, దాన్ని ఒక్కసారిగా వాడటం. హిందూపురం, ధర్మవరం పరిసరాల్లో వేరుశనగ మూటను వెనుక సీటుకు కట్టి చేనుగట్టు ఎక్కే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. మూట గరిమనాభిని వెనక్కు లాగుతుంది, అతడు ముందుకు వంగి దాన్ని సరిచేస్తాడు.

బండి గాలిలోకి లేచాక లెక్క మారుతుంది. నేల ఆసరా లేనప్పుడు మొత్తం కోణీయ ద్రవ్యవేగం మారదు. వెనుక చక్రాన్ని మరింత వేగంగా తిప్పితే చట్రం ఎదురు దిశలో తిరిగి ముందు భాగం పైకి లేస్తుంది. బ్రేకు వేస్తే కిందికి దిగుతుంది. మోటోక్రాస్ పోటీదారులు వాడే ఉపాయం ఇదే. ఎలాస్టో మేనియాలో మాత్రం ఒక మీట నొక్కగానే ఏ ఆధారమూ లేకుండా బండిని తిప్పే బలం పుట్టుకొస్తుంది. ఇక్కడ శాస్త్రం ఆటకు దారి ఇచ్చింది. ఇవ్వకపోతే ఆడేవారికి ఓపిక మిగలదు.

అంతకన్నా పెద్ద లోపం వేరే ఉంది. బండి తెరపై పక్కనుంచి మాత్రమే కనిపిస్తుంది. పొడవు, ఎత్తు తప్ప వెడల్పు లేదు. కాబట్టి అది ముందుకో వెనక్కో పల్టీ కొడుతుందే గాని పక్కకు పడదు. నిజమైన రెండు చక్రాల బండికి అసలు సమస్య పక్కకు ఒరగడమే. కదిలే బండి ఏ వైపు పడబోతే చోదకుడు ఆ వైపుకే హ్యాండిలును కొద్దిగా తిప్పి నిలబెడతాడు. గరుసు నేల మీద ముందు చక్రం జారితే ఈ సవరింపు పనిచేయదు. ఆటలో వందసార్లు వాలు ఎక్కిన చేతికి ఈ అభ్యాసం ఒక్కసారైనా దొరకదు. పెనుకొండ మీదుగా సాగే 44వ జాతీయ రహదారిపై ముందు చక్రం లేపి నడపబోయే కుర్రవాడికి తెరపై ఎన్నడూ ఎదురుకాని ప్రమాదం ఇదే. ఆ చక్రం గాలిలో ఉన్నంతసేపు హ్యాండిలును ఎటు తిప్పినా బండి పక్కవాటు సరికాదు.