98 ఓట్లు... ఒక్కసారే జరిగిన వింత!
పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఓ మారుమూల ప్రాంతం ఫలితాలు మనకు చెప్పే పాఠం

2021 మార్చిలో పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రంలో ఎన్నికలు జరిగాయి. ఆ రాష్ట్ర ఎగువ సభకు విల్సన్ టక్కర్ అనే అభ్యర్థి ఎన్నికయ్యారు. ఆయనకు పడిన మొదటి ప్రాధాన్య ఓట్లు 98. అచ్చుతప్పు కాదు, సున్నాలేవీ రాలిపోలేదు. అక్షరాలా తొంభై ఎనిమిదే. మన బడుల్లో రెండు తరగతుల పిల్లలను కలిపితే అంతకన్నా ఎక్కువ మందే ఉంటారు.

అంత తక్కువ ఓట్లతో ఎలా గెలిచారు? అక్కడ మోసమేమీ జరగలేదు. అంతా చట్టప్రకారమే జరిగింది. ఆ చట్టం సంగతి తెలుసుకోవాలంటే ఆ ఒక్క ఫలితం చూస్తే సరిపోదు. అందుకే మేం ఆ ప్రాంతం ఫలితాలను 1989 నుంచి వరుసగా పక్కపక్కన పెట్టి చూశాం. సంఖ్యలో తక్కువగా ఉన్నవారి మాట చట్టసభలో ఎలా వినిపిస్తుందన్న ప్రశ్న ఆ వరుసలో కనిపించింది. ఇరుగుపొరుగు రాష్ట్రాల్లో భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్న మనకు ఆ ప్రశ్న కొత్తది కాదు.

గనులు, మేతభూముల నేల

పశ్చిమ ఆస్ట్రేలియా విస్తీర్ణం సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన దేశంలో నాలుగింట మూడు వంతులు. జనంలో ఎక్కువ మంది రాజధాని పెర్త్ నగరం చుట్టుపక్కలే ఉంటారు. ఉత్తరాన కింబర్లీ, ఇనుప ఖనిజం తవ్వే పిల్బరా, తూర్పున బంగారు గనుల కాల్గూర్లీ, మధ్యలో విశాలమైన పశువుల మేతభూములు. ఇవన్నీ కలిపి ఎగువ సభ కోసం ఏర్పరచిన ప్రాంతం పేరు 'మైనింగ్ అండ్ పాస్టరల్'. గనులు, మేతభూములు అని ఆ పేరులోనే ఉంది. ఆదివాసీ జనాభా గణనీయంగా ఉన్న ప్రాంతం కూడా ఇదే.

1989కి ముందు ఎగువ సభకు 17 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ఇద్దరు సభ్యులు ఉండేవారు. 1987లో చేసిన చట్టంతో ఆ పద్ధతి పోయి, రాష్ట్రం ఆరు ప్రాంతాలైంది. ఒక్కో ప్రాంతం నుంచి ఐదుగురో ఏడుగురో సభ్యులు ఒకేసారి ఎన్నికయ్యేవారు. మైనింగ్ అండ్ పాస్టరల్‌కు ఐదు స్థానాలు దక్కాయి. 2008 ఎన్నికల నుంచి ప్రతి ప్రాంతానికీ ఆరేసి స్థానాలు ఇచ్చారు.

గెలవాలంటే ఎన్ని ఓట్లు?

ఇలాంటి ఎన్నికలో అందరికన్నా ముందుండటం ముఖ్యం కాదు, 'కోటా' చేరడం ముఖ్యం. లెక్క తేలికే. చెల్లిన ఓట్లను స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి భాగించాలి. వచ్చినదానికి ఒకటి కలపాలి. ఐదు స్థానాలుంటే ఆరో వంతుకు కాస్త పైన, ఆరు స్థానాలుంటే ఏడో వంతుకు కాస్త పైన ఓట్లు తెచ్చుకున్నవారు గెలిచినట్టు. ఏడో వంతు అంటే 14.3 శాతం.

కోటా దాటిన అభ్యర్థి దగ్గర మిగిలిన ఓట్ల విలువను రెండో ప్రాధాన్యం ప్రకారం ఇతరులకు బదిలీ చేస్తారు. ఇంకా స్థానాలు మిగిలితే అట్టడుగున ఉన్న అభ్యర్థిని తొలగించి, ఆ ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ఉన్నవారికి పంచుతారు. స్థానాలన్నీ నిండేదాకా ఇదే వరుస. ఓటు వృథా కాకూడదన్నది ఇందులోని ఉద్దేశం.

ఏడాదివారీగా ఫలితాలు

1989, 1993, 1996: ఐదు స్థానాలనూ లేబర్, లిబరల్ పార్టీలే పంచుకున్నాయి.

2001: లేబర్ 2, లిబరల్ 1, గ్రీన్స్ 1, వన్ నేషన్ 1.

2005: లేబర్ 3, లిబరల్ 2.

2008 (ఆరు స్థానాలు): లేబర్ 2, లిబరల్ 2, నేషనల్స్ 1, గ్రీన్స్ 1.

2013: లిబరల్ 2, నేషనల్స్ 2, లేబర్ 1, గ్రీన్స్ 1.

2017: లేబర్ 2, లిబరల్ 1, నేషనల్స్ 1, గ్రీన్స్ 1, వన్ నేషన్ 1.

2021: లేబర్ 4, లిబరల్ 1, డేలైట్ సేవింగ్ పార్టీ 1.

ఈ అంకెల వెనుక ఆ నేల చరిత్ర ఉంది. 2001లో వలసలను వ్యతిరేకించే వన్ నేషన్, పర్యావరణం గురించి పోరాడే గ్రీన్స్ ఒకే ప్రాంతం నుంచి ఒకేసారి సభకు వెళ్లాయి. ఒకదానికొకటి పొసగని ఆ రెండు వర్గాల ఓటర్లకూ చెరో సభ్యుడు దొరికాడు. ఒకే సభ్యుడుండే నియోజకవర్గమైతే ఆ ఇద్దరిలో ఒక్కరికీ చోటుండేది కాదేమో! గ్రీన్స్ సభ్యుడు రాబిన్ చాపుల్ 2005లో ఓడి, 2008లో మళ్లీ గెలిచారు. ఆ తర్వాత మరో రెండుసార్లు ఎన్నికయ్యారు.

2008లో నేషనల్స్ పార్టీ 'రాయల్టీస్ ఫర్ రీజియన్స్' నినాదంతో వచ్చింది. గనుల నుంచి రాష్ట్రానికి వచ్చే రాయల్టీలో నాలుగో వంతును గ్రామీణ ప్రాంతాలకే ఖర్చు పెట్టాలన్నది దాని డిమాండ్. సంపద మా నేలలోంచి తవ్వుతారు, రోడ్లూ ఆస్పత్రులూ మాత్రం నగరానికా అన్న ప్రశ్న గనుల ఊళ్లలో బాగా పనిచేసింది. ఆ ఏడాది ఒక స్థానం, 2013లో రెండు స్థానాలు వచ్చాయి. 2017 ఎన్నికల ముందు ఆ పార్టీ నాయకుడు బ్రెండన్ గ్రిల్స్ మరో అడుగు వేశారు. రెండు పెద్ద ఇనుప ఖనిజ కంపెనీలు టన్నుకు కట్టే 25 సెంట్ల అద్దెను ఐదు డాలర్లకు పెంచుతామన్నారు. గనుల పరిశ్రమ గట్టిగా ఎదురు ప్రచారం చేసింది. దిగువ సభలో గ్రిల్స్ తన పిల్బరా స్థానాన్నే కోల్పోయారు. ఎగువ సభలో పార్టీకి ఒక స్థానం తగ్గింది.

2021లో లేబర్ ప్రభంజనం వీచింది. ముఖ్యమంత్రి మార్క్ మెక్‌గోవన్ నాయకత్వంలో దిగువ సభలోని 59 స్థానాల్లో 53 ఆ పార్టీకే దక్కాయి. మైనింగ్ అండ్ పాస్టరల్‌లో ఆరింట నాలుగు గెలిచింది. ఆ నలుగురిలో ఒకరైన రోజీ సహానా ఆ రాష్ట్ర ఎగువ సభకు ఎన్నికైన తొలి ఆదివాసీ మహిళ. లిబరల్స్‌కు ఒకటి దక్కింది. మిగిలిన ఆరో స్థానం దగ్గరే వింత జరిగింది.

98 ఎలా గెలిచింది?

ఆ ప్రాంతంలో కోటా సుమారు 7 వేల ఓట్లు. టక్కర్ దగ్గర ఉన్నవి 98. మిగతావన్నీ బదిలీ అయి వచ్చినవే. మరి వాటిని బదిలీ చేసింది ఎవరు?

అక్కడి బ్యాలెట్ పత్రం మీద అడ్డంగా ఒక గీత ఉండేది. గీత కింద ఓటు వేస్తే ప్రతి అభ్యర్థికీ వరుసగా అంకె వేయాలి. ఒక్క గడి వదిలినా చిక్కే. గీత పైన అయితే నచ్చిన పార్టీ గడిలో 1 వేస్తే చాలు. ఓటర్లలో అత్యధికులు తేలిక దారే ఎంచుకునేవారు. అలా 1 వేయగానే మిగతా అంకెలన్నీ ఆ పార్టీ ముందే ఎన్నికల సంఘానికి ఇచ్చిన పట్టిక ప్రకారం పడిపోయేవి. దాన్ని 'గ్రూప్ ఓటింగ్ టికెట్' అనేవారు.

చిన్న పార్టీలు దీన్ని బాగా వాడుకున్నాయి. సిద్ధాంతాలు కలవకపోయినా పట్టికల్లో ఒకదాన్నొకటి ముందుంచుకున్నాయి. ఒక పార్టీ తొలగిపోయినప్పుడల్లా దాని ఓట్లు మరో చిన్న పార్టీకి చేరాయి. వాన నీరు పిల్లకాలువల్లోంచి ఒక చెరువుకు చేరినట్టు అన్నీ చివరికి టక్కర్ దగ్గరికి చేరాయి. ఆ పార్టీకి ఓటేసినవారికి తమ ఓటు ఎటు పోతుందో తెలిసే అవకాశం చాలా తక్కువ.

ఇంకో విడ్డూరం ఉంది. డేలైట్ సేవింగ్ అంటే వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రజలు దీన్ని 1975, 1984, 1992, 2009లలో నాలుగుసార్లు జనవాక్య సేకరణలో తిరస్కరించారు. అలాంటి రాష్ట్రంలో, ఎండలు మండే ప్రాంతం నుంచి, ఆ ఒక్క విషయం కోసం పుట్టిన పార్టీకి స్థానం దక్కింది. గెలిచిన అభ్యర్థిని తప్పుపట్టాల్సిన పని లేదు. ఉన్న నిబంధనల ప్రకారమే పోటీ చేశారు. తప్పు ఓటరు చేతిలోంచి కలం లాక్కున్న పట్టికది.

ఇక్కడ మన ఉపాధ్యాయులకు తెలిసిన ఒక సంగతి చెప్పాలి. కర్ణాటక, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధ్యాయ, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లోనూ ప్రాధాన్య ఓట్లే ఉంటాయి. పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్నుతో 1 వేయాలి. 2, 3 వేయడం మన ఇష్టం. వేయకపోతే మన ఓటు అక్కడితో ఆగుతుంది తప్ప మన బదులు ఏ పార్టీ అంకెలు వేయదు. ఈ చిన్న తేడా ఎంత పెద్దదో ఆ 98 ఓట్లు చూపించాయి.

రెండు జబ్బులు, ఒకే మందు

ఆ ఫలితంతో రాష్ట్రమంతా చర్చ రేగింది. అప్పుడు రెండో లోపం కూడా బయటికొచ్చింది. మైనింగ్ అండ్ పాస్టరల్‌లో ఓటర్లు సుమారు 70 వేలు. నగరంలోని ఒక్కో ప్రాంతంలో 4 లక్షలకు పైనే. అయినా అందరికీ ఆరేసి స్థానాలే. అంటే గనుల ప్రాంతంలో ఒక ఓటు, పెర్త్‌లోని ఆరు ఓట్లకు సమానం. రాష్ట్ర ఓటర్లలో దాదాపు నాలుగింట మూడు వంతులున్న నగరానికి సభలో సగం స్థానాలే.

'ఒక మనిషికి ఒక ఓటు, ప్రతి ఓటుకు ఒకే విలువ' అన్నవారి వాదనలో న్యాయం ఉంది. వేల కిలోమీటర్ల దూరంలో, చెదురుమదురుగా ఉన్నవారికి కాస్త ఎక్కువ బలం ఇవ్వకపోతే రాజధానిలో వారి గోడు ఎవరు వింటారన్న వాదననూ కొట్టిపారేయలేం.

ఎన్నికల ప్రచారంలో ఈ సంస్కరణ తమ ఎజెండాలో లేదని మెక్‌గోవన్ చెప్పారు. గెలిచాక నిపుణుల కమిటీ వేశారు. 2021 నవంబరులోనే చట్టం వచ్చింది. పార్టీల పట్టిక రద్దయింది. దానితోపాటు ఆరు ప్రాంతాలూ రద్దయ్యాయి. రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం, 37 మంది సభ్యులు. కోటా 2.6 శాతానికి దిగింది. 2025 మార్చిలో ఆ పద్ధతిలో తొలి ఎన్నిక జరిగింది. లేబర్ 16, లిబరల్ 10, గ్రీన్స్ 4, నేషనల్స్ 2, వన్ నేషన్ 2, మరో మూడు చిన్న పార్టీలు ఒక్కొక్కటి గెలిచాయి.

అంటే భావాల పరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవారికి తలుపు ఇంకా తెరుచుకుంది. రాష్ట్రంలో ఎక్కడున్నా 2.6 శాతం మంది కలిస్తే ఒక సభ్యుడు. కానీ ఒకే చోట, దూరంగా ఉన్న తక్కువ సంఖ్య వారికి తమదంటూ ఉన్న స్థానాలు పోయాయి. ఓటరు పెన్ను ఓటరుకు తిరిగి ఇవ్వడానికి ప్రాంతాన్ని చెరిపేయక తప్పదని లేదు. అవి రెండూ వేర్వేరు సమస్యలు. 98 ఓట్ల వింత ఆ రెండింటినీ ఒకే మూటగా కట్టేసింది.

మన తరగతి గదిలో

ఈ పాఠాన్ని పిల్లలతో చేయించి చూడమని ఉపాధ్యాయులను కోరుతున్నాం. 60 మంది ఉన్న తరగతిలో ఐదుగురు ప్రతినిధులను ఎన్నుకోవాలి. 60ని 6తో భాగిస్తే 10, ఒకటి కలిపితే కోటా 11. పట్టణం పిల్లలు 48 మంది, దూరపు ఊళ్ల నుంచి బస్సులో వచ్చేవారు 12 మంది అనుకుందాం. ముందు ఒక్కో ప్రతినిధికి విడివిడిగా ఐదుసార్లు చేతులెత్తించండి. పట్టణం పిల్లలు తమవారికే చేతులెత్తితే బస్సు పిల్లలకు ఒక్కరూ రారు. తర్వాత ప్రాధాన్య అంకెలతో ఒకేసారి వేయించండి. బస్సు పిల్లలంతా ఒక్కమాట మీద ఉంటే వారికి ఒకరు ఖాయం. బస్సు ఎప్పుడొస్తుందో, సాయంత్రం తరగతి ఎప్పుడు వదలాలో చెప్పే గొంతు అదే.

మూడోసారి ఒక మార్పు చేయండి. ప్రతి బెంచీ నాయకుడూ మిగతా అంకెలు ముందే రాసిపెట్టాలి, పిల్లలు 1 మాత్రమే వేయాలి. ఫలితం చూశాక 'నా ఓటు వాడికెందుకు పోయింది' అని ఎవరో ఒకరు అడగవచ్చు. ఆ ప్రశ్న అడిగిన పిల్లవాడికి పౌరశాస్త్రంలో సగం పాఠం వచ్చేసినట్టే.

చివరగా యానాం చదువరులకు ఒక మాట. పుదుచ్చేరికి ఎంతో దూరంలో ఉన్నా అక్కడి శాసనసభలో మీకంటూ ఒక స్థానం ఉంది. దాన్ని తీసేసి మొత్తం పుదుచ్చేరిని ఒకే జాబితాగా చేస్తే మీ ఊరి మాట పెరుగుతుందా, తగ్గుతుందా? ఇంట్లో పెద్దలతో కలిసి ఆలోచించండి. మైనింగ్ అండ్ పాస్టరల్ ప్రజలు ఇప్పుడు ఆలోచిస్తున్నది కూడా దాదాపు అదే.