పొలం గట్టు దాకా వచ్చే పరిశుద్ధత

పరిశుద్ధ జీవితం అనగానే తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ముందుగా గుర్తొచ్చేవి మానుకోవలసిన పనులు. తాగుడు, పొగ, సినిమా, కొన్ని పెంతెకొస్తు సంఘాల్లోనైతే ఒంటి మీద నగలు. వీటిలో కొన్నింటి వెనుక గట్టి కారణాలే ఉన్నాయి. తాగుడు మానిన ఇంట్లో పిల్లలు బడికి వెళ్లడం మన పల్లెలన్నీ చూసినదే. అయితే దేవుడు పరిశుద్ధుడు గనుక ఆయన ప్రజలూ పరిశుద్ధులుగా ఉండాలన్న ఆజ్ఞ బైబిల్లో అన్నిటికన్నా విపులంగా కనిపించే చోటికి వెళ్తే, అక్కడి జాబితా వేరుగా ఉంటుంది. ఆ చోటు లేవీయకాండము 19వ అధ్యాయం. అది యాజకులను ఉద్దేశించి చెప్పినది కాదు, ఇశ్రాయేలు సమాజమంతటికీ చెప్పినది. అందులో కూలి డబ్బు ఉంది, పొలం గట్టు ఉంది, తూకపు రాయి ఉంది, న్యాయస్థానం ఉంది, చెవిటివాడూ గుడ్డివాడూ పరదేశీ ఉన్నారు. ఎదురు చెప్పలేని మనిషితో, ఎవరూ పట్టుకోలేని చోట మనం ఎలా నడుచుకుంటామన్నదే పరిశుద్ధతకు పరీక్ష అని ఆ అధ్యాయం చెబుతోందని నా నమ్మకం. క్రైస్తవులు దాని నుంచి నేర్చుకోవలసిన మొదటి పాఠం కూడా అదే.

లేవీయకాండము చదవడం కష్టమని చాలామంది పక్కన పెట్టేస్తారు. మొదటి పదహారు అధ్యాయాల్లో బలులు, యాజకుల ప్రతిష్ఠ, తినదగిన జంతువులు, చర్మవ్యాధులు, ప్రాయశ్చిత్త దినం. పదిహేడు నుంచి ఇరవై ఆరు వరకు ఉన్న భాగాన్ని జర్మన్ పండితుడు ఆగస్ట్ క్లోస్టర్‌మన్ 1877లో పరిశుద్ధతా స్మృతి అని పిలిచాడు, పండితుల్లో ఆ పేరే స్థిరపడింది. ఆ భాగానికి గుండెకాయ 19వ అధ్యాయం. తానే యెహోవానని దేవుడు గుర్తుచేసే మాట అందులో దాదాపు పదిహేనుసార్లు వస్తుంది, బలుల గురించి చెప్పినప్పుడే కాదు, కూలివాడి గురించి చెప్పినప్పుడు కూడా. గుడి వ్యవహారానికి ఒక దేవుడు, బజారు వ్యవహారానికి ఇంకో న్యాయం అని విడదీసుకునే వీలు లేకుండా ఆ మాట అన్నిటినీ ఒకే తాటి మీద నిలబెడుతుంది.

పొలం సంగతే తీసుకుందాం. కోత కోసేటప్పుడు చేను అంచుల దాకా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, ద్రాక్షతోటలో రాలిన పండ్లు తీసుకోకూడదు. అవి పేదలకు, పరదేశులకు. దీన్ని దానం అనుకుంటే పొరపాటే. దానమైతే ఎవరికివ్వాలో, ఎంతివ్వాలో, ఇచ్చేటప్పుడు ఎలాంటి మాటలు అనాలో ఇచ్చేవాడి ఇష్టం. ఇక్కడ రైతు ఎవరి చేతిలోనూ ఏమీ పెట్టడు. పేదవాడే వచ్చి, తన చేతులతో కోసుకుని పట్టుకెళ్తాడు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన యూదుల మిష్నాలో ఈ అంచు కోసమే ‘పేయా’ అనే ప్రకరణం ఉంది. చేనులో అరవయ్యో వంతుకు తగ్గకుండా వదలాలని అది చెబుతుంది. ఒక పేదను రానిచ్చి మరొకరిని ఆపిన రైతు, లేదా ఒకరికి మాత్రం ఏరడంలో సాయపడిన రైతు పేదల సొత్తు దోచుకున్నట్టేనని కూడా అంటుంది. దయ చూపించి పేరు తెచ్చుకునే అవకాశాన్ని సైతం యజమాని చేతిలోంచి తీసేసిన చట్టం ఇది. రూతు కథ ఈ చట్టం మీదే నడుస్తుంది. మోయాబు నుంచి వచ్చిన వితంతువు, బేత్లెహేములో తనకంటూ పిడికెడు నేల లేదు, అత్త నయోమికీ ఆమెకూ తిండి దొరకాలంటే పరిగె ఏరాల్సిందే. పొలం ఆసామి బోయజు ఆమె కోసం పనల్లోంచి కొన్ని వెన్నులు కావాలనే పడేయమని పనివాళ్లతో చెబుతాడు, ఆమెను చిన్నబుచ్చవద్దని హెచ్చరిస్తాడు. సాయంత్రానికి ఆమె దులుపుకున్న యవలు, అప్పటి ధాన్యపు కొలతలో, సుమారు ఒక ఏఫా. చట్టం అడిగింది అంచు మాత్రమే. బోయజు దాని ఉద్దేశం గ్రహించి ఇంకో అడుగు ముందుకేశాడు.

కూలి విషయంలో అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. కూలివాడి డబ్బు తెల్లవారే దాకా యజమాని దగ్గర ఉండకూడదు. ద్వితీయోపదేశకాండము దీనికి కారణం కూడా చెబుతుంది: అతను పేదవాడు, ఆ కూలి మీదే ప్రాణం పెట్టుకుని ఉంటాడు. అప్పుకు పూచీగా పేదవాడి పైబట్ట తీసుకుంటే పొద్దు గూకేలోగా తిరిగివ్వాలి, రాత్రి కప్పుకోవడానికి అతనికి ఉన్నది అదొక్కటే. ఇవి కాగితం మీది ఆదర్శాలే కదా అని ఎవరైనా అంటే, 1960లో మధ్యధరా సముద్ర తీరాన, యావ్నె-యామ్ దగ్గరి చిన్న కోట శిథిలాల్లో దొరికిన ఒక కుండపెంకును చూపించవచ్చు. క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దం చివర, దాని మీద సిరాతో హీబ్రూలో రాసిన అర్జీ అది. రాయించినవాడు ఒక కోతకూలీ. తన వంతు కోత పూర్తిచేసి ధాన్యం కొట్టుకు చేర్చాననీ, అయినా షోబి కొడుకు హోషయాహు వచ్చి తన బట్ట లాక్కుపోయాడనీ, తనతోపాటు ఎండలో కోసినవాళ్లంతా సాక్ష్యం చెబుతారనీ, బట్ట తిరిగి ఇప్పించమనీ కోట అధికారిని వేడుకున్నాడు. ఏ చట్టాన్నీ పేరుపెట్టి చెప్పలేదు. కానీ కూలివాడి ఒంటి మీది బట్ట లాక్కోవడం అన్యాయమని, ఆ మాట పైఅధికారికి చెప్పుకోవచ్చని అతనికి తెలుసు. ధర్మశాస్త్రం మాట్లాడుతున్నది ఇలాంటి మనుషుల గురించే.

ఆ అధ్యాయంలో నన్ను ఎక్కువగా ఆపేది పద్నాలుగో వచనం. చెవిటివాణ్ని తిట్టకూడదు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టకూడదు, నీ దేవునికి భయపడాలి. చెవిటివాడికి తిట్టు వినిపించదు. కాలికి అడ్డం తగిలి పడిన గుడ్డివాడికి అది పెట్టిందెవరో తెలియదు. ఫిర్యాదు ఉండదు, సాక్షీ ఉండడు. లేవీయకాండములో దేవునికి భయపడమన్న హెచ్చరిక ఐదుసార్లు వస్తుంది: ఇక్కడ, వృద్ధుల ముందు లేచి నిలబడమన్న చోట, భూమి అమ్మకంలో మోసం చేయవద్దన్న చోట, చితికిపోయిన సోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దన్న చోట, అతని చేత కఠినంగా పనిచేయించవద్దన్న చోట. ఐదు చోట్లా బలం ఒకవైపే ఉంది. పదకొండో శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రషీ దీన్ని గమనించాడు. మనిషి మనసుకు మాత్రమే తెలిసే విషయాల్లో, పైకి మంచివాడిలా నటించి తప్పించుకోగల చోట, ఈ హెచ్చరిక వస్తుందన్నాడు. గుడ్డివాడంటే కళ్లు లేనివాడే కాదు, ఒక విషయం తెలియనివాడు కూడా అన్నది ఆయన వివరణ. నీ పొలం అమ్మి గాడిదను కొనుక్కో అని సలహా ఇచ్చి, ఆ పొలాన్ని తానే చేజిక్కించుకునేవాడు గుడ్డివాడి ముందు రాయి పెట్టినవాడేనట. చదువురాని మనిషి చేత అర్థం కాని కాగితాల మీద వేలిముద్ర వేయించుకునేవాడికి ఇంతకన్నా సూటిగా తగిలే వ్యాఖ్యానం నాకు తెలియదు.

తూకాల ఆజ్ఞ కూడా ఇదే కోవలోది. నాణేలు ఇంకా రాని ఆ కాలంలో వెండిని తూచి ఇచ్చేవారు. యూదా ప్రాంతపు తవ్వకాల్లో గుమ్మటం ఆకారంలో చెక్కిన చిన్న సున్నపురాతి తూకపు రాళ్లు ఎన్నో దొరికాయి. ఒక షెకెలు రాయి బరువు సుమారు 11.3 గ్రాములు. అంత చిన్న రాయిలో కాస్త తేడా కొనుగోలుదారుడి చేతికి తెలియదు. ఏఫా చిన్నది చేసి షెకెలు పెద్దది చేసే వర్తకులను, విశ్రాంతి దినం ఎప్పుడు ముగుస్తుందా, ఎప్పుడు అమ్మకం మొదలుపెడదామా అని ఎదురుచూసేవాళ్లను ప్రవక్త ఆమోసు నిలదీసింది అందుకే. వాళ్లు విశ్రాంతి దినాన్ని పాటించేవాళ్లే, అదే ఆయన కోపానికి కారణం.

దీనికి క్రైస్తవులు చెప్పే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. మనం ధర్మశాస్త్రం కింద లేము, కృప కింద ఉన్నాము, ఇక లేవీయకాండముతో మనకేం పని? ఈ మాటకు పౌలు బోధలో బలమైన ఆధారమే ఉంది, సున్నతి లేకుండానే అన్యజనులు సంఘంలో చేరవచ్చని యెరూషలేము సభ తీర్మానించిన సంగతి అపొస్తలుల కార్యములు 15లో ఉంది. కానీ అదే పౌలు రోమా, గలతీ సంఘాలకు రాస్తూ ధర్మశాస్త్రమంతా దేనిలో ఇమిడి ఉందో చెప్పడానికి ఎంచుకున్నది పొరుగువాణ్ని తనలా ప్రేమించమన్న మాట, అంటే లేవీయకాండము 19లోని పద్దెనిమిదో వచనం. యేసు రెండో గొప్ప ఆజ్ఞగా చూపింది దాన్నే. పరిశుద్ధులై ఉండమని పేతురు తన మొదటి పత్రికలో ఎత్తి రాసిందీ ఈ గ్రంథంలోని మాటే. యాకోబు పత్రికనైతే ఈ అధ్యాయం పక్కన పెట్టుకుని చదవాలి. పక్షపాతం, చాడీలు, పొరుగువాడి మీద తీర్పు, చివరికి కోత కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి దేవునికి మొరపెట్టడం, ఇన్ని పోలికలు యాదృచ్ఛికం కావని ల్యూక్ టిమోతీ జాన్సన్ 1982లో ఒక వ్యాసంలో విశదంగా చూపాడు. పాత నిబంధనను పూర్తిగా వదిలేద్దామన్న మార్సియన్‌ను రోమా సంఘం 144 ప్రాంతంలోనే వెలివేసింది. కృప వచ్చింది కూలి ఎగ్గొట్టే స్వేచ్ఛ ఇవ్వడానికి కాదని ఆ తొలి క్రైస్తవులకు సందేహం లేదు.

రెండో అభ్యంతరం దీనికన్నా పదునైనది. పొరుగువాణ్ని ప్రేమించమన్న వచనం వెంటనే, రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట వేసుకోవద్దన్న వచనం వస్తుంది. ఒకటి పట్టుకుని ఇంకొకటి వదిలేయడం మన సౌకర్యం కోసమే కదా? నైతిక విధులు, ఆచార విధులు, న్యాయ విధులు అని థామస్ అక్వినాస్ చేసిన విభజనతో చాలామంది సరిపెట్టుకుంటారు. అది ఉపయోగపడే విభజనే గానీ, ఈ అధ్యాయం మాత్రం అలా గళ్లు గీసుకుని రాయలేదు. నాకు తోచిన జవాబు ఇది. ఉన్నీ, నార కలిసిన బట్టలు నిర్గమకాండములో ప్రధానయాజకుడి వస్త్రాల్లో కనిపిస్తాయి. అంటే అది పాపపు బట్ట కాదు, ప్రత్యక్షపు గుడారపు సేవకు ప్రత్యేకించిన బట్ట. మిగతావాళ్లు దాన్ని మానడం ఇశ్రాయేలు జనం తమ ఒంటి మీద మోసిన ఒక గుర్తు. అలాంటి గుర్తులను అన్యజనుల మీద మోపవద్దని అపొస్తలులు నిర్ణయించారు. కూలి, తూకం, న్యాయస్థానం, పరదేశి మాత్రం ఒక జాతి గుర్తులు కావు. వాటిని యేసూ ఆయన శిష్యులూ ఇంకా గట్టిగా మళ్లీ చెప్పారు. యూదులకు ఆ గుర్తులు నేటికీ ప్రాణప్రదమైనవి, వాటిని తేలికగా మాట్లాడే హక్కు మనకు లేదు.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని దాచడం నిజాయితీ కాదు. ఈ స్మృతే 25వ అధ్యాయంలో అన్యజనులను బానిసలుగా కొనుక్కోవచ్చని అంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా దక్షిణాది యజమానులు ఆ వచనాలను చూపించే తమ బానిసత్వాన్ని సమర్థించుకున్నారు. కానీ అదే స్మృతి, ఐగుప్తులో మీరూ పరదేశులేనని గుర్తుచేసి, పరదేశిని మీలా ప్రేమించమంటుంది. యజమాని దగ్గర నుంచి పారిపోయి వచ్చిన బానిసను తిరిగి అప్పగించవద్దని ద్వితీయోపదేశకాండము అంటుంది. ధర్మశాస్త్రంలోనే ఒక వాక్యం ఇంకో వాక్యాన్ని నిలదీస్తోంది. ఏది దేనికి కొలమానమో యేసు తేల్చిచెప్పాక, యజమాని పక్షాన నిలిచే చదువు క్రైస్తవుడిది కాలేదు.

తెలుగు నేల మీద ఈ విషయం ఇంకా దగ్గరగా తగులుతుంది. ఇక్కడి క్రైస్తవుల్లో ఎక్కువమంది పూర్వీకులు ఊరి చివర నుంచి వచ్చి, ఇంకొకరి చేలల్లో కూలి చేసినవాళ్లు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇచ్చాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి ఆ కూలి సంగతితో కలిపే చెప్పుకోవాలి. ఆ సంఘాల వారసులే ఇప్పుడు ఇళ్లలో పనిమనుషులను పెట్టుకుంటున్నారు, బళ్లు, ఆసుపత్రులు నడుపుతున్నారు, గల్ఫ్‌కూ అమెరికాకూ వెళ్తున్నారు. ఇప్పుడు యజమాని స్థానం వాళ్లదే. జీతం ఏ తేదీన ఇస్తున్నాం, సంఘంలో పెళ్లి సంబంధాల్లో కులం ఎందుకు అడుగుతున్నాం, ఆస్తి తగాదాలో పలుకుబడి ఉన్నవాడి వైపు ఎందుకు మొగ్గుతున్నాం అన్నవి పరిశుద్ధతకు సంబంధించిన ప్రశ్నలు.

తప్పు జరిగిపోతే ఏం చేయాలో కూడా లేవీయకాండము ఆరో అధ్యాయం చెబుతుంది. పొరుగువాణ్ని మోసం చేసినవాడు, అతని సొత్తు దాచుకున్నవాడు, ముందు అసలు తిరిగిచ్చి, దానికి అయిదో వంతు కలిపి సొంతదారుడి చేతికివ్వాలి. ఆ తర్వాతే పొట్టేలుతో బలిపీఠం దగ్గరికి రావాలి. కానుక బలిపీఠం ముందు వదిలి, ముందు సహోదరుడితో సమాధానపడి రమ్మని యేసు కొండమీద చెప్పినప్పుడు అనుసరించింది ఈ వరుసనే. యెరికోలో పన్నులు వసూలు చేసే జక్కయ్య తన ఆస్తిలో సగం పేదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాననీ అందరి ముందు లేచి చెప్పాడు. అది దొంగిలించిన గొర్రెకు నిర్గమకాండము విధించిన లెక్క. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు ప్రకటించింది ఆ లెక్క విన్న తర్వాత.