తూటాల పెట్టె - ఉక్కు స్థితిస్థాపకత

రైఫిలుకు వరుసగా తూటాలను అందించే ఉక్కు పెట్టెను మాగజైను అంటారు. 1879లో జేమ్స్ పారిస్ లీ అమెరికాలో ఇట్టి పెట్టెకు పేటెంటు పొందాడు. 1888లో అది బ్రిటిషు సైన్యపు లీ-మెట్‌ఫర్డ్ రైఫిలులో చేరింది. మన ఇషాపూర్ కర్మాగారంలో తయారైన .303 రైఫిళ్ళలోనూ పది తూటాలు పట్టే ఇట్టి పెట్టెయే ఉన్నది.

పెట్టె అడుగున స్ప్రింగు, దానిపైన తూటాలను మోసే పలక ఉంటాయి. స్ప్రింగు తూటాలను పైకి నెట్టుతుంది. లోపలికి వంగిన గోడల పై అంచులు వాటిని ఆపుతాయి. బోల్టు ముందుకు జరిగినప్పుడు పై తూటా ఒక్కటే గొట్టంలోనికి పోవాలి.

1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన నియమం ప్రకారం, స్ప్రింగు ఎంత నొక్కుకొనిపోతే అంత బలంగా ఎదురు నెట్టుతుంది. స్థితిస్థాపక అవధి దాటనంతవరకు ఉక్కు తిరిగి మొదటి రూపానికి వస్తుంది. దాటితే వంపు శాశ్వతమవుతుంది. పెట్టె క్రిందపడి అంచు వంగినప్పుడు జరిగేది ఇదే. అప్పుడు తూటా వాలు తప్పి, గొట్టం మొదట తగిలి నిలిచిపోతుంది. యుద్ధరంగంలో అది సైనికుని ప్రాణానికే ముప్పు. అందువల్లనే ఏ రైఫిలుకు అమర్చిన పెట్టెను దానికే ఉంచడం మేలు. అంచులు సరిచేసే పని ఆయుధాల మరమ్మతు నేర్చినవారిది.

రెండవ శత్రువు తుప్పు. తేమ, ఆక్సిజను కలిసి ఉక్కును తినివేస్తాయి. శుభ్రంగా తుడిచి పూసిన పలుచని నూనెపొర వాటిని అడ్డుతుంది. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి పలక కదలిక మందగిస్తుంది.

ప్రయోగశాలలో ఒక పాత స్ప్రింగుకు బరువులు పెంచుతూ వ్రేలాడదీయండి. బరువు తీసినా పూర్వపు పొడవు రాని చోట అవధి దాటినట్లే.