ఆంధ్రప్రభ యాజమాన్య చరిత్ర: ఒక పరిశీలన

హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి అశోక్‌నగర్, నారాయణగూడల నుంచి వచ్చే ఉద్యోగార్థులు దినపత్రికలను శ్రద్ధగా చదువుతారు. అయితే పత్రికలో ఒక మూల చిన్న అక్షరాలతో అచ్చయ్యే ముద్రాపకుడు, ప్రచురణకర్తల పేర్ల మీద చూపు నిలిపే పాఠకులు అరుదు. పత్రికా చరిత్ర రాసినవారు కూడా సంపాదకులకు ఇచ్చిన స్థానాన్ని యజమానులకు ఇవ్వలేదు. నిజానికి 1956 నాటి నిబంధనల వల్ల ప్రతి పత్రికా ఏటా ఫిబ్రవరి ముగిశాక వెలువడే తొలి సంచికలో యాజమాన్య వివరాలను, మూలధనంలో ఒక శాతానికి మించి వాటా గలవారి పేర్లతో సహా, నాలుగవ ఫారంలో ప్రకటించవలసి వచ్చింది. సంపాదకీయాలను తిరగేసే ఓపికలో పదోవంతు ఈ ప్రకటనల మీద చూపినా చరిత్ర మరికొంత స్పష్టమయ్యేది.

యాజమాన్యం మారడమంటే ఏమిటో తెలుసుకోవడానికి ఆంధ్రప్రభ ఉదంతం అనువైనది. ఈ పత్రిక 1938 ఆగస్టు 15న మద్రాసులో ప్రారంభమైంది. అంతకుముందు నుంచి నడుస్తున్న ఆంధ్రపత్రిక కాశీనాథుని నాగేశ్వరరావు సొంత పత్రిక. దానికి అమృతాంజనం వ్యాపారం అండగా ఉండేది. ఆయన 1938లో మరణించగా బాధ్యత అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌కు సంక్రమించింది. ఆంధ్రప్రభ అలా ఒక తెలుగు కుటుంబం ఆస్తి కాదు. బీహారులో పుట్టి మద్రాసులో స్థిరపడిన వ్యాపారి రామనాథ్ గోయెంకా నడిపిన పత్రికల్లో అది ఒకటి. ఇంగ్లీషులో ఇండియన్ ఎక్స్‌ప్రెస్, తమిళంలో దినమణి దాని తోబుట్టువులు. ఖాసా సుబ్బారావు తొలి సంపాదకుడు. 1942లో ఆ బాధ్యత చేపట్టిన నార్ల వేంకటేశ్వరరావు కాలంలో పత్రికకు గొప్ప పేరు వచ్చింది. పాఠకుల దృష్టిలో ఆంధ్రప్రభ అంటే నార్ల. చట్టం దృష్టిలో మాత్రం ఆయన ఉద్యోగి.

ఈ రెండు దృష్టుల నడుమ ఉన్న దూరం 1959లో బయటపడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మద్రాసు పొరుగు రాష్ట్రపు రాజధాని అయింది. తెలుగు దినపత్రికను అక్కడే అచ్చువేయడంలో అర్థం తగ్గింది. ఆంధ్రప్రభ దినపత్రికను, సచిత్ర వారపత్రికను ప్రచురించే హక్కును ఎక్స్‌ప్రెస్ సంస్థ విజయవాడలోని ఆంధ్రప్రభ ప్రైవేట్ లిమిటెడ్‌కు బదలాయించింది. కొత్త సంస్థ కూడా గోయెంకా సమూహంలోనిదే. కాగితాల మీద యజమాని మారాడు, వాస్తవంలో మారలేదు. మద్రాసులోని కార్మికులకు మాత్రం ఇది జీవనోపాధి సమస్య. ఏప్రిల్ 27న వారు సమ్మెకు దిగారు. రెండు రోజుల తరువాత యాజమాన్యం మద్రాసు వ్యాపారాన్నే మూసివేస్తున్నట్లు ప్రకటించింది.

బదలాయింపు సమంజసమా, సమ్మెకు న్యాయముందా అన్న ప్రశ్నలను ప్రభుత్వం పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు నివేదించింది. మూసివేత యజమాని ఇష్టం కనుక ట్రిబ్యునల్‌కు విచారణాధికారం లేదని సంస్థ వాదించింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. జరిగినది నిజమైన మూసివేతా లేక ఆ పేరు పెట్టుకున్న లాకౌటా అన్నది ట్రిబ్యునల్ తేల్చవచ్చునని 1962లో కోర్టు నిర్ణయించింది. ఈ తేడా పైకి సాంకేతికంగా కనిపించినా కార్మికుడికి ప్రాణప్రదమైనది. నిజంగా వ్యాపారం మానుకున్న యజమానిని నడపమని బలవంతపెట్టలేరు. కార్మికులను లొంగదీయడానికి తలుపులు మూసిన యజమానిని మాత్రం ప్రశ్నించవచ్చు.

పత్రిక విజయవాడ నుంచి కొనసాగింది. నార్ల తరువాత నీలంరాజు వెంకటశేషయ్య సంపాదకులయ్యారు. నార్ల సంపాదకత్వంలో, కె.ఎల్.ఎన్. ప్రసాద్ పెట్టుబడితో 1960 జూలై 1న అదే నగరంలో ఆంధ్రజ్యోతి వెలువడింది. సంపాదకుడు తన శైలిని, పలుకుబడిని వెంట తీసుకుపోగలిగాడు; పత్రిక పేరును తీసుకుపోలేకపోయాడు. ఆ పేరు విలువ తక్కువదేమీ కాదు. నార్ల లేకున్నా ఆంధ్రప్రభ పాఠకులను నిలుపుకొన్నది.

గోయెంకా 1991లో మరణించారు. అనంతరం కుటుంబ ఒప్పందం ప్రకారం ఎక్స్‌ప్రెస్ సామ్రాజ్యం ఉత్తర, దక్షిణ భాగాలుగా చీలింది. దక్షిణ భాగం మనోజ్ కుమార్ సొంథాలియాకు దక్కగా ఆంధ్రప్రభ దానితో పోయింది. తరువాత అది కాకినాడకు చెందిన మాజీ మంత్రి ముత్తా గోపాలకృష్ణ కుటుంబం చేతికి వచ్చింది. 1959 నాటి బదలాయింపుకూ దీనికీ పోలిక లేదు. అప్పుడు సంస్థ మారినా అధికారం మారలేదు. ఇప్పుడు అధికారమే మారింది. ఆంధ్రప్రభ అన్న పేరు మాత్రం అలాగే ఉంది.