ఫోన్ బొమ్మ టీవీలోకి ఎక్కకపోతే

వైరు లేకుండా ఫోన్ తెరను టీవీలో చూపించే పద్ధతులు ప్రధానంగా మూడు: మిరాకాస్ట్, గూగుల్ కాస్ట్, ఎయిర్‌ప్లే. టీవీ కొనేటప్పుడు 'స్క్రీన్ మిర్రరింగ్ ఉంది' అన్న మాట వినిపిస్తుంది కానీ ఈ మూడింటిలో ఏది ఉందో చాలాసార్లు ఎవరూ చెప్పరు. దానికి తోడు ఫోన్ కంపెనీలు తలా ఒక పేరు పెట్టాయి. శామ్‌సంగ్ ఫోన్లో అది స్మార్ట్ వ్యూ, ఇంకో కంపెనీ ఫోన్లో కాస్ట్, మరో దాంట్లో వైర్‌లెస్ డిస్‌ప్లే. ఫోన్‌కూ టీవీకీ ఉమ్మడిగా తెలిసిన పద్ధతి ఒక్కటైనా లేకపోతే ఏ సెట్టింగు మార్చినా ఫలితం ఉండదు. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది అదే.

మిరాకాస్ట్‌ను వైఫై అలయన్స్ 2012లో తెచ్చింది. దీనికి రూటర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అసలే అక్కర్లేదు. ఫోన్ తన తెరను ఎప్పటికప్పుడు వీడియోగా మార్చి వైఫై డైరెక్ట్ ద్వారా నేరుగా టీవీకి పంపుతుంది. ఐఫోన్లలో ఇది లేదు. ఆండ్రాయిడ్ అయినా గూగుల్ పిక్సెల్ ఫోన్లలోనూ లేదు. 2013లో క్రోమ్‌కాస్ట్ అనే చిన్న పరికరంతో వచ్చిన గూగుల్ కాస్ట్ తీరు వేరు. యూట్యూబ్‌లో కాస్ట్ గుర్తు నొక్కితే ఫోన్ ఆ వీడియో ఎక్కడుందో మాత్రమే టీవీకి చెబుతుంది, వీడియోను టీవీయే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. అందుకే ఆ తర్వాత ఫోన్ తెర ఆపేసినా సినిమా ఆగదు. ఆపిల్ వారి ఎయిర్‌ప్లే 2010 నాటిది. 2019 నుంచి కొన్ని ఇతర కంపెనీల టీవీల్లోకీ వచ్చింది.

జాబితాలో టీవీ పేరే కనిపించడం లేదన్నది అన్నిటికంటే ఎక్కువగా వినపడే ఫిర్యాదు. గూగుల్ కాస్ట్‌కైనా ఎయిర్‌ప్లేకైనా సాధారణంగా ఫోన్, టీవీ ఒకే వైఫైలో ఉండాలి. ఫోన్ ఎప్పుడో వైఫై వదిలేసి మొబైల్ డేటా మీద నడుస్తూ ఉంటుంది, ఆ సంగతి ఎవరూ గమనించరు. ఒకే రూటర్ రెండు పేర్లతో కనిపించి, ఒకదాని చివర 5జీ అని ఉన్నా మామూలుగా ఇబ్బంది రాదు. అతిథుల కోసం పెట్టిన గెస్ట్ నెట్‌వర్క్‌లో చేరితే మాత్రం టీవీ కనపడదు, అతిథుల ఫోన్లను ఇంట్లోని పరికరాల నుంచి విడిగా ఉంచడమే ఆ నెట్‌వర్క్ పని. హాస్టళ్లు, లాడ్జీల్లో వైఫై బాగానే ఉన్నా టీవీ దొరకకపోవడానికి కారణం ఇలాంటిదే. ఒకరి ఫోన్ ఇంకొకరికి కనిపించకుండా రూటర్‌లోనే అడ్డుకట్ట వేసి ఉంచుతారు. వీపీఎన్ ఆన్‌లో ఉన్నా ఒక్కోసారి ఇదే గతి. ఐఫోన్లలో 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి, అదే వైఫైలోని ఇతర పరికరాలను వెతికే ప్రతి యాప్ లోకల్ నెట్‌వర్క్ అనుమతి అడుగుతుంది. ఒకసారి వద్దని నొక్కితే, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చేదాకా ఆ యాప్‌కు టీవీ కనపడకపోవచ్చు.

మిరాకాస్ట్‌లో మాత్రం రూటర్ చుట్టూ తిరగడం వృథా. ఫోన్లో వైఫై ఆన్ చేసి ఉంటే చాలు, దేనికీ కనెక్ట్ కానక్కర్లేదు. అయితే చాలా టీవీల్లో స్క్రీన్ షేర్ యాప్‌ను తెరిచి ఉంచితే తప్ప ఫోన్‌కు టీవీ కనిపించదు.

పేరు కనిపించినా కనెక్ట్ కాకపోతే టీవీ జ్ఞాపకాన్ని అనుమానించాలి. కొత్త ఫోన్ వచ్చినప్పుడు కొన్ని టీవీలు 'అనుమతించాలా?' అని అడుగుతాయి. రిమోట్ ఎవరి చేతిలో ఉందో వారు పొరపాటున వద్దని నొక్కితే ఆ ఫోన్ నిషేధ జాబితాలోకి పోతుంది. శామ్‌సంగ్ టీవీల్లో డివైస్ కనెక్షన్ మేనేజర్ అనే చోట ఈ జాబితా ఉంటుంది, అందులోంచి ఫోన్‌ను తీసేయాలి. రిమోట్‌తో ఆపితే టీవీ నిద్రపోతుందే తప్ప పూర్తిగా ఆగదు. గోడ దగ్గర స్విచ్ కట్టేసి ఒక నిమిషం ఆగి వేస్తే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

కొన్నిసార్లు తప్పు ఇంట్లో ఉండనే ఉండదు. 2025 మార్చి 9న ప్రపంచవ్యాప్తంగా రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు పనిచేయడం మానేశాయి. వాటి లోపలి డిజిటల్ సర్టిఫికెట్‌కు గడువు తీరిపోయింది. ఫ్యాక్టరీ రీసెట్ చేయవద్దని గూగుల్ హెచ్చరించి, తర్వాత అప్‌డేట్ పంపింది. ఏ కారణమూ తెలియనప్పుడు అన్నీ చెరిపేసి మొదలుపెట్టడం మంచిది కాదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మాటలు వినిపిస్తూ బొమ్మ మాత్రం నల్లగా ఉంటే అది చెడిపోవడం కాదు, తాళం. ఓటీటీ యాప్‌లు సినిమాలను కాపీ కాకుండా కాపాడుకోవడానికి, బ్యాంకు యాప్‌లు ఖాతా వివరాలు బయటపడకుండా తెరను మూసేస్తాయి. తేల్చుకోవడం సులువు: ఆ యాప్‌లో స్క్రీన్‌షాట్ తీసి చూస్తే అదీ నల్లగా వస్తుంది, లేదా అసలు రాదు. దీనికి రూటర్ మార్చడం, టీవీ మెకానిక్‌ను పిలవడం దండగ. సినిమా అయితే టీవీలోని యాప్‌లోనే పెట్టుకోవాలి, లేదా యాప్‌లో కాస్ట్ గుర్తు ఉంటే దాన్ని వాడుకోవాలి.

బొమ్మ ఆగి ఆగి రావడానికి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లోని రద్దీ కారణం. అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ ఇరుకులోనే తిరుగుతాయి. ఫోన్, టీవీ రెండూ 5 గిగాహెర్ట్జ్‌ను అందుకోగలిగితే అందులోకి మార్చాలి. అయితే అది గోడలు దాటడంలో బలహీనం, రూటర్ అదే గదిలో ఉంటే మేలు. మిరాకాస్ట్‌లో ఫోన్ రూటర్‌తోనూ టీవీతోనూ వేర్వేరు ఛానళ్లలో మాట్లాడాల్సి వస్తే తడబడుతుంది. గ్యాలరీలోని పెళ్లి వీడియో చూపించడానికి ఇంటర్నెట్‌తో పని లేదు కాబట్టి, రూటర్‌ను కాసేపు వదిలేసి చూడవచ్చు. ఎంత బాగున్నా క్షణంలో కొంత భాగమైనా ఆలస్యం తప్పదు. పాటకు అది తెలియదు, ఆటకు తెలుస్తుంది.

శబ్దం టీవీలో రాకుండా పోతే బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఇంకా కనెక్ట్ అయి ఉందేమో చూడాలి. బొమ్మ అంచులు తెగిపోతే లోపం ఫోన్‌ది కాదు, టీవీ పిక్చర్ సైజు సెట్టింగ్‌ది.

పాత టీవీకి హెచ్‌డీఎంఐలో క్రోమ్‌కాస్ట్ లాంటి డాంగిల్ పెట్టి నడిపేవారికి ఇంకో బాధ: అది మాటిమాటికీ ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. టీవీ వెనక యూఎస్‌బీ నుంచి వచ్చే కరెంటు, చాలా టీవీల్లో అర ఆంపియరే, దానికి చాలకపోవచ్చు. గోడకు పెట్టే అడాప్టర్ వాడితే కుదుటపడుతుంది.

ఇవేవీ పనిచేయనప్పుడు మిగిలేది కేబుల్. కానీ టైప్-సి ఉన్న ప్రతి ఫోన్ నుంచీ బొమ్మ బయటికి రాదు. ఫోన్లో డిస్‌ప్లేపోర్ట్ సౌకర్యం ఉండాలి. 2023లో వచ్చిన ఐఫోన్ 15లో ఉంది, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో ఉండదు. టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ కొనేముందే ఫోన్ వివరాల్లో డిస్‌ప్లేపోర్ట్ అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి.